డస్క్ ఇప్పుడు ఆడాలా? ఆ గ్రాఫిక్స్ చూసి కూడానా?

అడిగిన ప్రశ్న: "డస్క్ అనే షూటర్ గేమ్ 2018లో వచ్చిందట, చూస్తే 1996 నాటిదిలా ఉంది. ఇలాంటివి ఇప్పుడు ఆడటంలో అర్థం ఉందా, లేక పాత జ్ఞాపకాల కోసం ఆడేవేనా?"

జ్ఞాపకాల ముచ్చట నా దగ్గర చెల్లదండి. 1996లో క్వేక్ అనే షూటర్ గేమ్ వచ్చినప్పుడు మా ఇంట్లో కంప్యూటరే లేదు. దానికంటే ముందే వచ్చిన డూమ్ అనే షూటర్ కూడా అది పుట్టిన ఇరవై ఏళ్ళకి ఆడాను. కాబట్టి "మీ కాలం గేమ్ కదా, అందుకే మీకు నచ్చింది" అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. నాకు లేని బాల్యాన్ని ఎవరో అమ్మితే కొనుక్కున్నానా ఏంటి?

నిజానికి డస్క్ గురించి నాకు బుద్ధి వచ్చింది నేను ఆడినప్పుడు కాదు, మా మేనల్లుడు ఆడుతుంటే పక్కన కూర్చున్నప్పుడు. వాడికి పదహారేళ్ళు. కొత్త షూటర్లలో చెయ్యి తిరిగినవాడు. ఆన్‌లైన్ మ్యాచ్‌లో నేను ఎటు తిరగాలో తేల్చుకునేలోపు నన్ను రెండుసార్లు చంపేసి ఉంటాడు. ఆ రోజు నా స్క్రీన్ వైపు వంగి చూసి, "మామా, టెక్స్చర్లు ఇంకా లోడ్ అవ్వలేదా?" అన్నాడు. టెక్స్చర్లంటే బొమ్మల మీది రంగులూ నునుపూ అన్నమాట.

"అయ్యాయిరా. ఇదే గేమ్."

జాలిగా చూశాడు. ఆ చూపుకి ఒళ్ళు మండి కుర్చీ ఖాళీ చేసి కూర్చోబెట్టాను.

డస్క్‌లో సోది ఉండదు. పావుగంట సినిమా లేదు, "ముందుకు నడవడానికి ఫలానా బటన్ నొక్కండి" అని నేర్పే పంతులు లేడు. కళ్ళు తెరిస్తే నేలమాళిగలో ఉంటారు. రెండు చేతుల్లో రెండు కొడవళ్ళు. ఎదురుగా ముగ్గురు మోటారు రంపాలు పట్టుకుని మీదికి పరిగెత్తుకొస్తారు. మావాడు పది సెకన్లలో చచ్చాడు. మళ్ళీ చచ్చాడు. మూడోసారి ఎలాగో గట్టెక్కి బయటికొచ్చి, తుపాకీ దొరికాక కాస్త కుదురుకున్నాడు.

అప్పుడు చూడాలి తమాషా. రెండు గుళ్ళు పేల్చడం, ఆర్ బటన్ నొక్కడం (కొత్త షూటర్లలో తుపాకీలో గుళ్ళు మళ్ళీ నింపే బటన్ అది, రీలోడ్ అంటారు). మళ్ళీ రెండు గుళ్ళు, మళ్ళీ ఆర్. డస్క్‌లో ఆ బటన్ నొక్కితే తెర మీది హీరో తుపాకీని వేలి మీద గిర్రున తిప్పి చూపిస్తాడు, అంతే.

"రీలోడ్ అవ్వట్లేదేంటి మామా?"

"రీలోడే లేదురా. ఉన్నన్ని గుళ్ళూ కాల్చుకో."

ఇంకాసేపటికి హెల్త్, అంటే మిగిలిన ప్రాణం లెక్క, ఇరవైకి పడిపోయింది. వెంటనే ఓ గోడ చాటుకి వెళ్ళి నక్కాడు. కదలడు, మెదలడు. టాయిలెట్‌కి వెళ్ళాలేమో, ఆపాడనుకున్నాను. అర నిమిషం గడిచాక అడిగాడు: "ఎప్పుడు నిండుతుంది?"

"ఏది?"

"హెల్త్."

"దానంతటది ఎందుకు నిండుతుందిరా? వెళ్ళి వెతుక్కోవాలి."

వాడు నన్ను చూసిన చూపు నాకింకా గుర్తే. గోడ చాటున ఆగితే దెబ్బలు మానిపోతాయని పిల్లలకి నేర్పింది ఎవరో గానీ, షూటర్లని పాడుచేసింది ఆ ఒక్క ఐడియానే అని నా గట్టి నమ్మకం. ఆధారాలు అడక్కండి, నా కళ్ళతో చూశాను. ఎవరిని చూసినా ఒకటే వరస: తల బయటపెట్టు, కాల్చు, దాక్కో, నిండేదాకా గోళ్ళు గిల్లుకో, మళ్ళీ తల బయటపెట్టు. దాన్ని యుద్ధం అంటారా, దాగుడుమూతలంటారా?

అసలు మలుపు తర్వాతి లెవెల్స్‌లో వచ్చింది. ఒక మంత్రగాడు దూరం నుంచి నిప్పుముద్ద విసిరాడు. అది గాల్లో వస్తూ కనిపిస్తుంది. మావాడు ఆలోచించకుండానే పక్కకి జరిగాడు. చెవి పక్కనుంచి పోయింది. "ఓహ్" అన్నాడు. రెండోది వస్తే ఇటు జరిగాడు. మూడోది వచ్చేసరికి ఆ మంత్రగాడి చుట్టూ గిరగిరా తిరుగుతూ షాట్‌గన్ పేలుస్తున్నాడు. ఆ తర్వాత వాడు ఒక్కచోట నిలబడటం నేను చూడలేదు.

ఇదండీ నేను చెప్పాలనుకున్నది. డస్క్ క్వేక్ నుంచి తెచ్చుకున్న అసలు సరుకు ఆ మొరటు బొమ్మలు కాదు, కంటికి కనబడే గుండు. చాలా కొత్త షూటర్లలో శత్రువు ట్రిగ్గర్ నొక్కిన క్షణమే మీకు తగిలిపోతుంది. తప్పించుకునే దారే లేనప్పుడు ఎవరైనా గోడ చాటుకే పోతారు. గోడ చాటుకి పోయినవాణ్ణి అక్కడే చావనివ్వలేరు కాబట్టి హెల్త్ నిండాలి. ఒకదాని వెంట ఒకటి. డస్క్‌లో గుండు వస్తూ కనిపిస్తుంది, మీ కాళ్ళు దానికంటే చురుగ్గా కదులుతాయి. అందుకే ఆగినవాడు పోతాడు, కదిలినవాడు బతుకుతాడు. (డూమ్‌లో తుపాకులు పట్టుకున్న సోల్జర్ల గుళ్ళు మాత్రం కనబడవు, నిజమే. వాళ్ళంటే నాకు అప్పుడూ మంటే, ఇప్పుడూ మంటే.)

బొమ్మలు మొరటుగా ఉండటం కూడా లోపమని నేననుకోను. నాలుగు పలకలతో చేసిన శత్రువు ఎంత దూరంలో ఉన్నా వాడెవడో, ఏం విసరబోతున్నాడో ఇట్టే తెలుస్తుంది. కొత్త గేముల్లో గడ్డి ప్రతి పరకా ఊగుతుంది, పొగ, దుమ్ము, ఎండ మెరుపు, ఇన్నింటి మధ్య మనిషెక్కడున్నాడో తెలీక వాడి తల మీద ఎర్ర గుర్తు పెట్టాల్సి వస్తుంది. వంద జీబీ డౌన్‌లోడ్ చేయించుకుని చివరికి నన్ను ఎర్ర గుర్తునే చూడమంటారు.

ఈ గేముని ప్రధానంగా ఒక్క మనిషే చేశాడు, డేవిడ్ షిమాన్‌స్కీ, యూనిటీ ఇంజన్ (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీద. సంగీతం ఆండ్రూ హల్‌షల్ట్‌ది. హెవీ మెటల్ గిటార్లు మొదలయ్యాయంటే మౌస్ పట్టుకున్న చెయ్యి దానంతటదే బిగుసుకుంటుంది. విడుదలైన రోజు 2018 డిసెంబర్ 10, అంటే డూమ్ వచ్చి సరిగ్గా పాతికేళ్ళు. ఇలా పాత పద్ధతిలో చేసిన షూటర్లని ఇప్పుడు "బూమర్ షూటర్" అంటున్నారు, బూమర్ అంటే పాతతరం ముసలాడని వెక్కిరింత. ఆ పేరంటే నాకు చిరాకు. ఇష్టపడేవాళ్ళందరూ ముసలాళ్ళేనా?

ఇంకో చిరాకు కూడా చెప్పేస్తాను. డస్క్ హిట్టయిందని చూసి, మామూలు గేమ్ తీసుకుని మీద గళ్ళగళ్ళ ఫిల్టర్ పూసి "రెట్రో" అని అమ్మేవాళ్ళు బయల్దేరారు. లోపల చూస్తే రీలోడ్ ఉంటుంది, అప్‌గ్రేడ్లు ఉంటాయి, ఎటు వెళ్ళాలో చూపే బాణం ఉంటుంది. అలాంటివి కొనకండి. మంచివి కావాలంటే 2019లో వచ్చిన అయాన్ ఫ్యూరీ ఉంది, అది డ్యూక్ న్యూకెమ్ 3డి అనే పాత షూటర్ నడిచిన బిల్డ్ ఇంజన్ మీదే చేశారు. ఫిల్టర్ పూత కాదు, నిజంగానే ఆ ఇంజన్.

డస్క్‌లో నన్ను ఓడించిన చోటూ ఉంది. రెండో ఎపిసోడ్‌లో ఎషర్ ల్యాబ్స్ అనే లెవెల్. నడవాలు మెలి తిరుగుతుంటాయి, మీరు నడుస్తూనే గోడ మీదికి, అక్కణ్ణుంచి కప్పు మీదికి వెళ్ళిపోతారు, కింద ఏదో పైన ఏదో తెలీదు. నాకు కడుపులో తిప్పి మధ్యలో లేచి వెళ్ళి పడుకున్నాను. మర్నాడు సెట్టింగ్స్‌లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద ఎంత వెడల్పున కనబడాలో తేల్చేది) పెంచుకుంటే తగ్గింది. మీకూ తల తిరిగితే ముందు అది చూడండి.

మేనల్లుడి సంగతి చెప్తూ ఎక్కడికో వచ్చేశాను. ఆ రాత్రి వాడు లేవలేదు. ఈ గేములో పీపాలు, పెట్టెలు, కుర్చీలు, దొరికిందల్లా ఎత్తి విసరొచ్చు. వాటితోపాటు అక్కడక్కడా దాచిపెట్టిన సబ్బుబిళ్ళ ఒకటి ఉంటుంది. మామూలు సబ్బే. అది విసిరితే ఎంత పెద్ద రాక్షసుడైనా దాదాపు ఒక్క దెబ్బకే పోతాడు. ఎందుకంటే, ఎందుకూ లేదు, చేసినాయనకి అలా అనిపించింది, పెట్టాడు. వందమంది మీటింగ్ పెట్టుకుని చేసే గేముల్లో ఆ సబ్బు మొదటి మీటింగ్ దాటదు.

నేను మాట వరసకి సబ్బు సంగతి చెప్పి పడుకోవడానికి వెళ్ళిపోయాను. తెల్లవారుజామున మూడింటికి తలుపు తోసి లేపాడు.

"మామా, ఆ సబ్బు ఏ మూలనుంటుందన్నావ్?"