పార్టీలతో సంబంధం లేని చర్చా వేదికకు అధ్యక్షుడిగా ఉండమంటున్నారు. ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న: విజయవాడలో కొందరు మిత్రులం కలిసి ప్రభుత్వ విధానాల మీద, నగరపాలన మీద ఏ పార్టీకీ చెందకుండా చర్చలు జరిపే స్వచ్ఛంద సంస్థ పెడుతున్నాం. గుంటూరులోనూ సభలు పెట్టాలని ఉంది. నన్ను అధ్యక్షుడిగా ఉండమంటున్నారు. జీతం లేదు, ఆఫీసు లేదు. ఎక్కడెక్కడ దెబ్బ తింటాం?

జవాబు:

ఒప్పుకోండి. కాకపోతే ఒక సంగతి ముందే తెలుసుకుని ఒప్పుకోండి. "నేను ఏ పార్టీ వాణ్నీ కాదు" అని మీరంటే మన జిల్లాల్లో ఎవరూ నమ్మరు. ఇంటిపేరు, సొంతూరు అడిగి మిగతా లెక్క వాళ్లే కట్టుకుంటారు. మీ మనసెంత నిష్పాక్షికమో ఎవరికీ కనపడదు. ఎవరికి ఎన్ని నిమిషాలిచ్చారు, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారు, వేదిక మీద ఎవరిని కూర్చోబెట్టారు, ఈ మూడే కనపడతాయి. వీటికి నిబంధనలు మొదటి సభకు ముందే రాసి పెట్టుకోవాలి. గొడవ వచ్చాక రాస్తే అది ఎవరి మీదో గురిపెట్టి రాసినట్టే ఉంటుంది.

రిజిస్ట్రేషన్ పెద్ద పనేం కాదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు, ఆశయపత్రం, నియమావళి ఉంటే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకోవచ్చు. అందరూ ఎక్కడో దొరికిన నమూనా నియమావళిలో పేరు మార్చి ఇచ్చేస్తారు, తర్వాత చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. మీది మీరే రాసుకోండి. అందులో ఇవి ఉండి తీరాలి: సంస్థ ఏ పార్టీనీ, ఏ అభ్యర్థినీ సమర్థించదు, వ్యతిరేకించదు. ఏ పార్టీలోనైనా పదవిలో ఉన్నవాళ్లు సభ్యులు కావచ్చు గానీ కార్యవర్గంలో ఉండకూడదు. కార్యవర్గ సభ్యుడు ఎన్నికల్లో పోటీ చేయాలనుకుంటే ముందు రాజీనామా చేయాలి, మళ్లీ కార్యవర్గంలోకి రావాలంటే కనీసం ఏడాది ఆగాలి. అధ్యక్ష పదవి రెండేళ్లు, వరసగా రెండోసారి లేదు. ఈ చివరిది రాసేటప్పుడు "ఇప్పుడే ఎందుకండీ" అంటారు. ఇప్పుడే రాయాలి.

ఆ ఏడుగురినీ ఒకే కాలేజీ బ్యాచ్ నుంచో, ఒకే కులం నుంచో తెచ్చుకోవద్దు. ఇది చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంటుంది, కానీ మీ లెటర్‌హెడ్ చూసి జనం మొదట చదివేది పేర్లే. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, నలభై లోపు వయసువాళ్లు ఇద్దరు, కృష్ణకు అవతలి ఒడ్డు నుంచి కనీసం ఇద్దరు లేకపోతే ఇంకో నెల ఆగి మొదలుపెట్టండి, నష్టమేం లేదు.

నమోదయ్యాక అందరూ మరిచిపోయేది ఒకటుంది. ఏటా సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లోగా కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. రెండేళ్లు ఇవ్వకుండా వదిలేస్తే రేపు రెండు వర్గాలైనప్పుడు "మేమే అసలు కమిటీ" అని ఇద్దరూ బ్యాంకుకి వెళతారు, బ్యాంకు ఖాతా ఆపేస్తుంది.

డబ్బు విషయానికొస్తే, ఖాతా ముగ్గురి పేరున తీసి ఏ ఇద్దరి సంతకమైనా చెల్లేలా పెట్టుకోండి. ఒకే దాత నుంచి ఏడాది ఖర్చులో ఐదో వంతు మించి తీసుకోకూడదని తీర్మానం రాయండి. మన దగ్గర హాలు అద్దె, మైకు, టిఫిన్లు "నేను చూసుకుంటాలే" అనే కాంట్రాక్టరు ఎప్పుడూ ఒకరు సిద్ధంగా ఉంటారు. ఆయన మంచివాడే కావచ్చు, కానీ రేపు నగరపాలక సంస్థ పనుల టెండర్ల మీద చర్చ పెట్టాల్సి వస్తే మీ నోరు లేవదు. సభ్యత్వ రుసుము ఏడాదికి ఐదొందలో వెయ్యో పెట్టి, సభల సంఖ్యను ఆ వసూలుకు తగ్గట్టు కుదించుకోవడమే మేలు. దాతలకు ఆదాయపన్ను తగ్గించే 80జి మినహాయింపు తెచ్చుకున్నా, 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి అది వర్తించదు. కాబట్టి నగదు వద్దు, యూపీఐనో చెక్కో చాలు, ప్రతిదానికీ వరస నంబరున్న రసీదు.

అమెరికా డబ్బు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ప్రతి ఇంటికీ ఒకరు అక్కడున్నారు. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే, మీ సొంత తమ్ముడైనా సరే, చట్టం దృష్టిలో అది విదేశీ సొమ్మే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి లేకుండా పైసా ముట్టకూడదు. పాస్‌పోర్టు ఏ దేశానిదని అడగడం మొహమాటమైతే విరాళం ఫారంలోనే ఒక గడి పెట్టండి, సంతకం చేయించుకోండి.

ఇక అసలు పని, సభ. సభ బాగుండటం, పాడవటం సగం అంశాన్ని ప్రశ్నగా ఎలా రాశారన్న దాని మీదే ఉంటుంది. "బుడమేరు ముంపుకు బాధ్యులెవరు?" అని పెడితే రెండు పార్టీల వాళ్లు వచ్చి ఒకరినొకరు తిట్టుకుని వెళతారు. అదే ఇలా పెట్టి చూడండి: "వెలగలేరు దగ్గర నుంచి కృష్ణలోకి మళ్లించే కాలువ సామర్థ్యం పెంచాలా, కొల్లేరు వైపు వెళ్లే అసలు బుడమేరును వెడల్పు చేయాలా, రెంటికీ డబ్బు చాలకపోతే ముందు ఏది?" ఇప్పుడు మాట్లాడాలంటే విషయం తెలిసుండాలి. బుడమేరు వాగు నగరాన్ని ముంచెత్తిన 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీటిని అది ఎంతవరకు తీసుకోగలదన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. దీనికి వక్తలుగా రిటైరైన నీటిపారుదల ఇంజనీరు ఒకరు, సింగ్‌నగర్‌లో ఇల్లు మునిగినవారు ఒకరు, కొల్లేరు వైపు రైతు ఒకరు, కాలువ వెడల్పు చేస్తే ఇల్లు పోయేవారు ఒకరు. నాలుగోవారిని పిలవడం అందరూ మరిచిపోతారు.

ఆస్తి పన్ను కూడా అంతే. "పన్నుల బాదుడు" అని పెడితే ఫలితం ముందే తేలిపోయింది. 2020లో చట్టం సవరించి అద్దె విలువ బదులు మూలధన విలువ, అంటే ఆస్తి ఖరీదు మీద పన్ను లెక్కగట్టే పద్ధతి తెచ్చారు, ఏడాదికి పెంపు 15 శాతం మించకూడదన్నారు. "ఈ రెంటిలో ఏ పద్ధతి ఎవరికి భారం?" అన్నది ప్రశ్న. పటమటలో అపార్ట్‌మెంటు, వన్‌టౌన్‌లో పాత పెంకుటిల్లు, గుంటూరు బ్రాడీపేటలో కొట్టు, ఈ మూడింటి పన్ను నోటీసులు తెచ్చి పక్కపక్కన పెట్టి చూపించండి. యజమానుల పేర్లు కొట్టేసి చూపించాలి సుమా.

పదవిలో ఉన్న ప్రభుత్వోద్యోగుల్ని వక్తలుగా పిలిచి ఇరికించొద్దు. ప్రభుత్వ విధానాన్ని బాహాటంగా విమర్శించడానికి వాళ్ల ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. వాళ్ల నుంచి కావలసింది సమాచారం, అది సమాచార హక్కు దరఖాస్తుతో తెప్పించుకోవచ్చు. గడువు 30 రోజులు, కాబట్టి సభకు రెండు నెలల ముందే పెట్టాలి. దరఖాస్తులో "ఎందుకు" అని అడగొద్దు. ఫలానా తీర్మానం నకలు, ఫలానా ఏడాది ఖర్చు అని అడగండి.

హాలు సంగతి. పార్టీలకో, వాటి అనుబంధ సంఘాలకో చెందిన భవనాల్లో అద్దె తక్కువే, కానీ మొదటి ఏడాది వాటి జోలికి పోవద్దు. గ్రంథాలయం హాలు దొరికితే అంతకన్నా మంచిది లేదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరు ఇది, పుస్తకాల మధ్య వాదించుకోవడం ఇక్కడ కొత్తేం కాదు. పెళ్లి ముహూర్తాలు చూసుకుని బుక్ చేయండి. లోపల సభ అయినా వారం ముందు స్థానిక పోలీస్ స్టేషన్‌లో లిఖితపూర్వకంగా తెలిపి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మన దగ్గర సభలు, ఊరేగింపుల మీద ఆంక్షలు పెట్టే పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందని తరచూ ప్రకటిస్తుంటారు, ఆ కాగితం జేబులో ఉంటే మంచిది.

బ్యానరు తెల్ల గుడ్డ మీద నల్ల అక్షరాలు. నవ్వకండి. పసుపైనా, నీలమైనా, ఎరుపైనా, కాషాయమైనా, ఫొటో వాట్సాప్‌లోకి వెళ్లిన పది నిమిషాల్లో మీరెవరి మనుషులో తేలిపోతుంది. ముఖ్య అతిథి లేరు, జ్యోతి ప్రజ్వలన లేదు, శాలువాలు లేవు. శాలువా పెట్టారంటే ఎవరు కప్పాలి, ఎవరికి ముందు అన్న తగవు, పైగా వేదిక మీద పదిహేను మంది. అరగంట అక్కడే పోతుంది. వేదిక మీద నలుగురు వక్తలు, నడిపేవారు ఒకరు, అంతే. మీరు అధ్యక్షులైనా మొదటి వరసలో కూర్చోండి, నడిపే పని ఇంకొకరికి ఇవ్వండి. అధ్యక్షుడే నడిపితే ప్రతి అంతరాయమూ సంస్థ అభిప్రాయమైపోతుంది.

సమయం రెండు గంటలు. ఆహ్వానంలో 5.30 అని వేసి 5.45కి మొదలుపెట్టండి, హాల్లో పన్నెండుమందే ఉన్నా సరే. ఒక్కొక్కరికి 8 నిమిషాలు, నలుగురికి 32. ఎవరు ముందన్నది చీటీ తీసి, అందరి ముందూ. రెండు నిమిషాలున్నప్పుడు పసుపు అట్ట, అయిపోగానే ఎర్ర అట్ట, ఇంకో 15 సెకన్లకు మైకు ఆఫ్. మొదటి సభలో, అందులోనూ అందరికన్నా పెద్దమనిషికి, ఒకసారి ఆఫ్ చేస్తే చాలు. ఆ తర్వాత మళ్లీ అవసరం రాదు. మైకువాళ్లతో ఈ సంగతి ముందే మాట్లాడండి, లేకపోతే వాళ్లు మొహమాటపడి ఆపరు.

తర్వాత 50 నిమిషాలు ప్రశ్నలు. ఇక్కడే సభలన్నీ చెడిపోతాయి. ప్రేక్షకుడి చేతికి మైకు ఇచ్చారంటే అది ప్రశ్న కాదు, ఐదో ఉపన్యాసం. రెండు కార్డ్‌లెస్ మైకులు పెట్టుకుని, మీ కార్యకర్త పట్టుకునే ఉండాలి, చేయి వదలకూడదు. నిమిషం కాగానే వెనక్కి తీసుకోవాలి. ఇంకా మంచిది, ద్వారం దగ్గరే చీటీలు, పెన్నులు ఇచ్చి ప్రశ్నలు రాయించుకోవడం. మాట్లాడటానికి జంకేవాళ్ల ప్రశ్నలు, ముఖ్యంగా ఆడవాళ్లవి, విద్యార్థులవి, అప్పుడే బయటికొస్తాయి. కట్టగట్టి ఒకే ప్రశ్నను పదిమంది రాసి పంపినా చీటీల్లో ఇట్టే దొరికిపోతుంది, ఒకసారి అడిగి ఊరుకోవచ్చు. అదనంగా బ్యాటరీలు ఉంచుకోండి.

ఒక పార్టీ వాళ్లు పిలిచినా రాకపోతే? ఖాళీ కుర్చీ వేసి పేరు పెట్టి ఎగతాళి చేయడం కొందరికి సరదా. నాకది నచ్చదు, ఆ క్షణం నుంచి మీరు రెండో పక్షం. వాళ్ల మేనిఫెస్టోలోనో, చట్టసభలో మాట్లాడినదాంట్లోనో ఆ అంశం మీదున్న భాగాన్ని అదే 8 నిమిషాలు చదివించండి.

ప్రెస్ నోట్ సభకు ముందే సగం రాసి ఉంచుకోండి, నలుగురికీ సమానంగా మూడేసి వాక్యాలు. ఆలస్యంగా పంపితే ఎవరి మాట ఘాటుగా ఉందో అదే శీర్షికవుతుంది, మర్నాడు అది మీ సంస్థ డిమాండుగా అచ్చవుతుంది. పది రోజుల్లో రెండు పేజీల నివేదిక: ఎక్కడ ఏకీభవించారు, ఎక్కడ లేదు, దేనికి జవాబు దొరకలేదు. దాన్ని నగరపాలక సంస్థ కమిషనర్‌కి, అన్ని పార్టీల కార్యాలయాలకి ఒకే రోజు పంపాలి. కేంద్ర ప్రభుత్వం చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజాభిప్రాయానికి పెట్టాలని 2014లో విధానం చేసుకుంది. అలాంటివి వచ్చినప్పుడు మీ నివేదిక అభిప్రాయంగా పంపడానికి పనికొస్తుంది. సంస్థ తరఫున ఒక వైఖరి తీసుకోవడం మాత్రం మొదటి రెండేళ్లు వద్దు. అమెరికాలో 1920లో పుట్టిన మహిళా ఓటర్ల లీగ్ అభ్యర్థుల్ని సమర్థించదు గానీ విధానాల మీద వైఖరి తీసుకుంటుంది. అది కూడా సభ్యులు అధ్యయనం చేసి ఏకాభిప్రాయానికి వచ్చాకే. అంత ఓపిక, అంతమంది సభ్యులు మీకు వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

ఎన్నికల్లో అభ్యర్థుల ముఖాముఖి పెట్టాలంటే ఆహ్వానాలన్నీ ఒకే రోజు, ఒకే మాటలతో, స్పీడ్ పోస్టులో. రిటర్నింగ్ అధికారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి అడగండి. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో వద్దు. ఒక్క అభ్యర్థే వస్తే సభ రద్దు, వచ్చినాయన ఎంత బతిమాలినా సరే, అది ప్రచార సభే అవుతుంది. ప్రశ్నలు ముందే చూపించమంటే, ప్రేక్షకులుగా మా వాళ్లే ఉండాలంటే కూడా రద్దే. అమెరికాలోని ఆ మహిళా ఓటర్ల లీగే 1988లో రెండు పార్టీల ప్రచార బృందాలు షరతులన్నీ తమలో తామే రాసుకొస్తే అధ్యక్ష అభ్యర్థుల చర్చ నుంచి తప్పుకుంది.

వాట్సాప్ గ్రూపు అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టండి, చర్చ హాల్లోనే. కార్యవర్గ సభ్యుల సొంత స్టేటస్‌లలో పార్టీ జెండాలు, నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు ఉండకూడదని కూడా నియమం పెట్టుకోండి. మొదట గొణుగుతారు.

ఏడాదికి ఆరు సభలు చాలు. నెలకొకటి అని మొదలుపెట్టినవాళ్లు ఎనిమిదో నెలకి అధ్యక్షుడూ కోశాధికారీ మాత్రమే మిగిలి కుర్చీలు సర్దుకుంటుంటారు. మేలో పెట్టొద్దు, ఆ ఎండకి ఎవరూ రారు. మార్చిలో పరీక్షలు. నగరపాలక సంస్థ బడ్జెట్ మీద సభ జనవరిలోనే పెట్టాలి, ఆమోదం పొందాక చర్చించి లాభం లేదు. ప్రతి పనికీ ఇద్దరి పేర్లు రాయండి, ఒకరు చేసేవారు, ఇంకొకరు నేర్చుకునేవారు. తీర్మానాల పుస్తకం, రసీదు పుస్తకాలు, రబ్బరు స్టాంపు, పాన్ కార్డు, ఈమెయిల్ పాస్‌వర్డ్, ఆదాయపన్ను లాగిన్, ఇవన్నీ ఒక జాబితాగా రాసి కార్యదర్శి దగ్గర ఒక ప్రతి ఉంచండి. లాగిన్‌కు ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళుతుందో కూడా అందులో రాయండి, పదవి మారిన రోజే ఆ నంబరు మార్పించండి.