టెక్ సందేహాలు: ఆఫీసు కంప్యూటర్లకు జీరో ట్రస్ట్

ప్రశ్న: హిమాయత్‌నగర్‌లో మాది ఆడిట్ ఆఫీసు. 22 కంప్యూటర్లు ఉన్నాయి, ట్యాలీ ఒక సర్వర్‌లో ఉంటుంది. రిటర్నుల సీజన్‌లో స్టాఫ్ ఇంటి నుంచి పనిచేసుకునేలా రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు తెరిచి పెట్టాం. జీరో ట్రస్ట్ కావాలంటే కొత్త ఫైర్‌వాల్ కొనాలని ఒక కంపెనీ లక్షల్లో కొటేషన్ ఇచ్చింది. నిజంగా అంత అవసరమా?

జవాబు: కొటేషన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పోర్టు ఈరోజే మూసేయండి. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే, అలాంటి పోర్టుల కోసం వెతికే స్కానర్ ప్రోగ్రాములు దాన్ని ఇట్టే పట్టేస్తాయి. ఆ తర్వాత రాత్రీ పగలూ పాస్‌వర్డ్‌లు కొట్టి చూస్తూనే ఉంటాయి. పోర్టు నంబరు మార్చినా లాభం లేదు, దాడి చేసేవాళ్లు అన్ని నంబర్లూ వెతుకుతారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలు చిన్న ఆఫీసుల్లోకి దూరే ప్రధాన దారుల్లో ఇదొకటి. రౌటర్ అడ్మిన్ పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ కింద ఉన్న ఆ ఎంట్రీని తీసేయండి. కొన్ని రౌటర్లలో దాని పేరు వర్చువల్ సర్వర్ అని ఉంటుంది. పక్కనే, పోర్టులను దానంతటదే తెరిచే యూపీఎన్‌పీ ఉంటే అదీ ఆఫ్ చేయండి.

తర్వాత సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సెక్యూరిటీ లాగ్ చూడండి. 4625 నంబరుతో ఉన్నవి విఫలమైన లాగిన్లు, 4624తో ఉన్నవి లోపలికి వచ్చినవి. మీ స్టాఫ్‌ది కాని బయటి ఐపీ అడ్రస్ నుంచి ఒక్క 4624 కనిపించినా సర్వర్ నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. మెషీన్‌ను మాత్రం ఆపొద్దు, ఫార్మాట్ అంతకన్నా చేయొద్దు. ఆధారాలన్నీ అందులోనే ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి చొరబాటును గుర్తించిన 6 గంటల్లోపు వాళ్లకు తెలియజేయాలి. డబ్బు కూడా పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక జీరో ట్రస్ట్. ఫారెస్టర్ సంస్థలో విశ్లేషకుడిగా ఉన్న జాన్ కిండర్‌వాగ్ 2010లో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. 2020లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 800-207 అనే పత్రంలో దీనికి వివరమైన రూపం ఇచ్చింది. అసలు విషయం ఇంతే: ఆఫీసు వైఫైలో ఉన్నాడు కదా అని ఎవరినీ నమ్మొద్దు. వచ్చింది ఎవరు, ఏ మెషీన్ నుంచి వచ్చారు, దేనికోసం వచ్చారు అని ప్రతిసారీ చూసి, ఆ పనికి సరిపడా దారి మాత్రమే ఇవ్వాలి. మీ సైజు ఆఫీసుకు ఇందులో చాలావరకు కొత్త ఫైర్‌వాల్ లేకుండా సాఫ్ట్‌వేర్ సెట్టింగులతోనే అయిపోతుంది. మైక్రోసాఫ్ట్ మెయిల్ వాడుతుంటే బిజినెస్ ప్రీమియం ప్లాన్ తీసుకోండి. 300 మంది వరకు పనికొస్తుంది. మెషీన్లను అదుపులో పెట్టే ఇన్‌ట్యూన్, షరతులు పెట్టి లాగిన్ ఇచ్చే కండిషనల్ యాక్సెస్, డిఫెండర్ ఫర్ బిజినెస్ మూడూ అందులో ఉన్నాయి. బేసిక్, స్టాండర్డ్ ప్లాన్లలో ఇవి రావు. విండోస్ హోమ్ ఉన్న కంప్యూటర్లను దీనికి జాయిన్ చేయలేరు, ప్రోకి మార్చే ఖర్చు విడిగా పెట్టుకోవాలి.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోట్లు కొన్ని ఉన్నాయి. ఇన్‌ట్యూన్‌లో ఏ కంప్లయన్స్ పాలసీ (మెషీన్ పాటించాల్సిన భద్రతా షరతులు) తగలని మెషీన్‌ను ఏమనుకోవాలి అనే సెట్టింగ్ ఉంటుంది. అది మొదటి నుంచీ కంప్లయంట్ అనే ఉంటుంది. దాన్ని నాట్ కంప్లయంట్‌కు మార్చకపోతే మీరు పెట్టిన తనిఖీ అంతా వృథా, ఎవరూ చూడని ల్యాప్‌టాప్ దర్జాగా లోపలికి వస్తుంది. రెండోది, డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఆన్ చేసిన వెంటనే మెషీన్ ఇంకా ఫెయిల్ అనే చూపిస్తుంది. ఆ తనిఖీ బూట్ అయ్యేటప్పుడు జరుగుతుంది కాబట్టి ఒకసారి రీస్టార్ట్ చేయాలి. ఈ సంగతి తెలియక పాలసీనే తీసేసేవాళ్లున్నారు. మూడోది, కండిషనల్ యాక్సెస్‌ను ఒకేసారి అందరికీ ఆన్ చేయొద్దు. ఎవరినీ ఆపకుండా లాగ్ మాత్రమే రాసే రిపోర్ట్-ఓన్లీలో ఒక వారం నడిపి, ఎవరెవరు ఆగిపోతారో లాగ్‌లో చూసుకోండి. అన్ని పాలసీల నుంచీ మినహాయించిన ఎమర్జెన్సీ అడ్మిన్ ఖాతాలు రెండు ముందే తయారు చేసుకోండి. వాటికి సెక్యూరిటీ కీలు (లాగిన్‌కు వాడే చిన్న పరికరాలు) బిగించి, ఆ కీలను బీరువాలో పెట్టండి. ఇది మానేసి, సొంత ఖాతాలోంచి తామే బయటపడ్డ అడ్మిన్లు తక్కువేమీ కాదు.

ఓటీపీ ఒక్కటే చాలదా అనే అనుమానం రావచ్చు. ఈమధ్య ఫిషింగ్ పేజీలు అసలు లాగిన్ పేజీకీ మీకూ మధ్యలో కూర్చుని పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రమే కాక లాగిన్ అయ్యాక వచ్చే సెషన్ కుకీని (మళ్లీ పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి రానిచ్చే గుర్తును) కూడా పట్టుకుపోతున్నాయి. కంప్లయంట్ మెషీన్ అయితేనే లాగిన్ అనే షరతు ఉంటే మధ్యలో ఉన్న దొంగ మెషీన్ అక్కడే ఆగిపోతుంది. అందుకే మీ డబ్బు ముందు ఈ షరతు మీద పెట్టమంటాను. అడ్మిన్లకు మాత్రం మనిషికి రెండేసి ఫిడో2 సెక్యూరిటీ కీలు కొనండి, ఒకటి పోతే ఇంకొకటి ఉండాలి.

ట్యాలీ కోసం, మెషీన్లను ప్రైవేటు నెట్‌వర్క్‌లో కలిపే టెయిల్‌స్కేల్ లాంటి సాఫ్ట్‌వేర్‌ను సర్వర్ మీదా, స్టాఫ్ ల్యాప్‌టాప్‌ల మీదా వేసి, ఆఫీసు మెయిల్ ఖాతాతోనే లాగిన్ అయ్యేలా పెట్టండి. రౌటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు. కాకపోతే దాని డిఫాల్ట్ పాలసీలో అన్ని మెషీన్లూ అన్నింటినీ చూడగలవు. దాన్ని మార్చి, అకౌంట్స్ గ్రూపుకు సర్వర్‌లోని 3389 పోర్టు ఒక్కటే కనిపించేలా రాసుకోవాలి. మామూలు విండోస్ 10 లేదా 11 మీద నలుగురు ఒకేసారి ఎక్కేలా ఆర్‌డీపీ ర్యాపర్ వేసుంటే తీసేయండి. విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది చెడిపోతుంది, దాంతో అప్‌డేట్లే ఆపేస్తారు. విండోస్ సర్వర్, దానికి తగ్గ రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు కొనడమే సరైన పని. ట్యాలీ డేటా ఫోల్డర్ ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్ అని (అందరికీ అన్ని హక్కులతో) షేర్ అయి ఉంటే అదీ మార్చండి. ఒక్క పీసీకి రాన్సమ్‌వేర్ తగిలితే చాలు, ఆ షేర్ ద్వారానే ట్యాలీ డేటా మొత్తం లాక్ అయిపోతుంది. బ్యాకప్ ఒక కాపీ సర్వర్‌కు తగలకుండా బయట ఉండాలి. క్లయింట్ల పాన్, ఆధార్ వివరాలు మీ దగ్గరున్నాయి. వాటిని కాపాడడంలో లోపం జరిగితే 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది.

ప్రశ్న: జీడిమెట్లలో మాకు ప్యాకింగ్ మెటీరియల్ యూనిట్ ఉంది. 40 సిస్టమ్స్‌ను నెలవారీ ఫీజుకు మేనేజ్డ్ సర్వీసెస్ కంపెనీకి అప్పగిద్దామనుకుంటున్నాం. కాంట్రాక్టులో ఏం చూసుకోవాలి?

జవాబు: అప్పగించడం మంచి నిర్ణయమే, 40 సిస్టమ్స్‌కు ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు), అలర్ట్‌లు ఒక్క ఐటీ అబ్బాయి చూడలేడు. అయితే జీరో ట్రస్ట్ వాళ్లకూ వర్తిస్తుంది. 2021 జులై 2న రెవిల్ ముఠా కాసేయా కంపెనీ రిమోట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో లోపాన్ని పట్టుకుని, దాన్ని వాడే సర్వీస్ కంపెనీల ద్వారా వాళ్ల కస్టమర్లకు రాన్సమ్‌వేర్ పంపింది. అలా దెబ్బతిన్న వ్యాపారాలు 1,500 వరకు ఉంటాయని కాసేయానే అంచనా వేసింది. మీ మెషీన్లన్నింటి తాళం చెవి వాళ్ల చేతిలో ఉంటుందన్న ఎరుకతోనే కాంట్రాక్టు రాయించుకోండి.

వాళ్ల టెక్నీషియన్ ఒక్కొక్కరికీ విడి లాగిన్, దానికి పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ (ఎంఎఫ్‌ఏ) ఉండాలి. అందరూ కలిసి ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ వాడతామంటే ఒప్పుకోవద్దు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో అన్ని హక్కులూ ఉండే గ్లోబల్ అడ్మిన్ మీ దగ్గరే ఉంచుకుని, వాళ్లకు గడువుతో కూడిన పరిమిత హక్కులే ఇవ్వండి. డొమైన్ రిజిస్ట్రేషన్, బిట్‌లాకర్ రికవరీ కీలు మీ పేరు మీద, మీ చేతికి అందేలా ఉండాలి. 2024 జులై 19న సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ వల్ల 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెరతో ఆగిపోయినప్పుడు చాలాచోట్ల ఈ కీలు చేతిలో లేకే బాగుచేయడం ఆలస్యమైంది.

ప్యాచ్‌ల గడువు రోజుల్లో రాయించండి, వెంటనే అనే మాటకు విలువ లేదు. 2 గంటల్లో రెస్పాన్స్ అని ఉంటే అది టికెట్‌కు జవాబిచ్చే సమయమా, బాగుచేసే సమయమా అని అడగండి. అర్ధరాత్రి అలర్ట్ వస్తే చూసేదెవరు, మిమ్మల్ని అడక్కుండా ఆ మెషీన్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీసే అధికారం వాళ్లకుందా? ఉండాలి, లేకపోతే తెల్లారేలోగా అంతా అయిపోతుంది. మూడు నెలలకోసారి బ్యాకప్‌ను నిజంగా రీస్టోర్ చేసి చూపించాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలన్నది కూడా సెర్ట్-ఇన్ ఆదేశమే. షాపు ఫ్లోర్‌లో మెషీన్ల పక్కన విండోస్ 7 పీసీలు ఉండే ఉంటాయి. వాటిని మార్చలేకపోతే వేరే వీల్యాన్‌లో (విడదీసిన నెట్‌వర్క్ భాగంలో) పెట్టి ఇంటర్నెట్ తీసేయించండి. సీసీటీవీ రికార్డర్‌నూ ఆఫీసు నెట్‌వర్క్ నుంచి వేరు చేయించండి.

ప్రశ్న: సేల్స్ వాళ్లు సొంత ఫోన్లలోనే ఆఫీసు మెయిల్ చూస్తారు. కంపెనీ యాప్ వేసుకోమంటే ఫొటోలు, వాట్సాప్ చూస్తారేమోనని ఒప్పుకోవడం లేదు.

జవాబు: ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ పెట్టండి. ఆఫీసు యాప్‌లు చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తుతో విడిగా ఉంటాయి, ఆ గీత దాటి కంపెనీ ఏమీ చూడలేదు. మనిషి మానేస్తే ఆ భాగం ఒక్కటే చెరిపేస్తారు. ఐఫోన్‌కు ఇన్‌ట్యూన్ యాప్ ప్రొటెక్షన్ పాలసీ చాలు, ఫోన్‌ను ఎన్‌రోల్ చేయక్కర్లేదు. అడ్మిన్ గుర్తుంచుకోవాల్సిందల్లా సొంత ఫోన్ల విషయంలో ఫోన్ మొత్తం చెరిపేసే వైప్ జోలికి పోకుండా, ఆఫీసు డేటా మాత్రమే తీసేసే రిటైర్ నొక్కడమే.

ప్రశ్న: విండోస్ 10 పీసీలు 12 ఉన్నాయి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు కొందామా?

జవాబు: విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కంపెనీలకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు మొదటి ఏడాది మెషీన్‌కు 61 డాలర్లు, ఏటా రెట్టింపు, గరిష్ఠంగా మూడేళ్లు. పాత పీసీ మీద అంత పెట్టేకన్నా మార్చడమే నయం. సెకండ్ హ్యాండ్ అయితే విండోస్ 11 నడిచేలా ఇంటెల్ 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్, టీపీఎం 2.0 సెక్యూరిటీ చిప్ ఉన్నది చూడండి. డబ్బు ఇచ్చేముందు షాపులోనే విండోస్ రీసెట్ చేయించి, మొదటి సెటప్‌లో మీ ఫోన్ హాట్‌స్పాట్ కలపండి. ఏదైనా కంపెనీ పేరుతో లాగిన్ తెర వచ్చిందంటే అది ఇంకా పాత యజమాని ఆటోపైలట్ జాబితాలో (కంపెనీ మెషీన్లను మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేసే జాబితా) ఉన్నట్టే. విండోస్ మళ్లీ వేసినా ఆ నమోదు పోదు, తీసేయాల్సింది పాత కంపెనీయే. నెట్ లేకుండా సెటప్ చేసి చూపిస్తే ఇది బయటపడదు కాబట్టి హాట్‌స్పాట్ తప్పనిసరిగా కలిపించండి. బయోస్‌కు (విండోస్ కన్నా ముందు నడిచే సెటప్‌కు) పాస్‌వర్డ్ ఉందేమో కూడా చూసి, ఉంటే ఆ ల్యాప్‌టాప్ వద్దనేయండి.