గోల్ఫ్ మైదానం పక్కన ఇల్లు: ముందు అద్దెకు ఉండి చూడండి

హన్మకొండలో ఉద్యోగ విరమణ చేశాక హైదరాబాద్ శివార్లలో గోల్ఫ్ మైదానం చుట్టూ కట్టిన కాలనీలో ఇల్లు కొనవచ్చా అని అడిగారు. మీరు ఆడతారని, మీ శ్రీమతి ఆడరని రాశారు. నా సలహా అంతా ఆ రెండో మాట మీదే.

మాదీ హన్మకొండే. అలాంటి కాలనీలో పది నెలలు అద్దెకు ఉన్నాం. మొదట్లో నాకు పండుగే. తెల్లవారుతూనే దిగితే 18 హోల్స్ (బంతిని వరసగా వేయాల్సిన గుంతలు, అన్నీ అయితే ఒక పూర్తి ఆట) ముగిసేసరికి నాలుగు గంటలు దాటేది. అంతసేపూ మా ఆవిడ ఒంటరి. భద్రకాళి చెరువు గట్టు మీద రోజూ కలిసి నడిచే స్నేహితురాళ్లు అక్కడ లేరు. బాల్కనీలో బట్టలు ఆరేయకూడదు, మేడ మీద వడియాలు పెట్టకూడదు, కొత్తిమీర కట్టకైనా కారు తీయాలి. తర్వాత నా మోకాలు మొరాయించింది. ఆడనివాళ్లను ఆ పచ్చికలో నడవనివ్వరని అప్పుడు గాని నాకు తెలియలేదు. ఆవిడకు మొదటి వారంలోనే తెలుసట.

ఇక ఇల్లు ఎటు ఉందో చూసుకోండి. టీ (తాగేది కాదు, మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి చూస్తే కుడివైపు ఇళ్లు వద్దు. ఆడేవారిలో ఎక్కువమందిది కుడిచేతి వాటం, గురి తప్పితే బంతి తరచూ కుడికే వంగుతుంది. మాది సరిగ్గా అలాంటి ఇల్లే. ఒక ఆదివారం బంతి వచ్చి తులసి కోట అంచు పగలగొట్టింది. కొట్టినాయన ఎంతో మర్యాదగా గేటు దగ్గరికి వచ్చి, బంతి అడిగి తీసుకెళ్లాడు.

ఇల్లు కొంటే క్లబ్బు సభ్యత్వం దానంతట అదే వస్తుందనుకోకండి. దానికి వేరే రుసుము, వేరే ఒప్పందం ఉండవచ్చు. సభ్యుడు పోతే అది భార్యకు దక్కుతుందో లేదో రాతలో తీసుకోండి. మైదానం భూమి ఎవరి పేరున ఉంది? రేపు నష్టమొచ్చి మూసేస్తే అక్కడ అపార్ట్‌మెంట్లు లేవకుండా ఆపే కాగితం ఏది? బ్రోచరులో పచ్చగా కనిపించేదంతా ఆమోదం పొందిన లేఅవుట్‌లోనూ ఖాళీ స్థలంగానే ఉందో లేదో తెలంగాణ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) వెబ్‌సైటులో చూడండి. వేసవిలో ఆ గడ్డికి నీళ్లు బోర్లవా, శుద్ధి చేసిన మురుగునీరా అని కూడా అడగండి.

మేం కొనకుండా తిరిగి వచ్చేశాం. ఆడాలనిపిస్తే కాజీపేటలో రైలెక్కి, గోల్కొండ నయా ఖిలాలోని మైదానానికి మిత్రుడి అతిథిగా వెళ్తాను. మోకాలికి తొమ్మిది హోల్స్ చాలు.

మీరు చూడటానికి వెళ్లేటప్పుడు ఆదివారం ఉదయం వెళ్లకండి. ఏ మంగళవారమో మధ్యాహ్నం రెండింటికి, శ్రీమతితో కలిసి వెళ్లండి.