గుంటూరని వాడికి తెలుసు

పాపా,

నలుగురు పిల్లల్ని పోగేసి క్విజ్ టీమ్ కడుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. చెప్పడం కాదు, మొత్తుకున్నాడు. "పదో తరగతి పెట్టుకుని ఇదేం పని నాయనా, నువ్వన్నా చెప్పు" అని. సరే, చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాక మీ అవ్వతో మాత్రం "మన పాప కెప్టెనంట" అన్నాను. రెండుసార్లు అన్నాను.

మీ సార్ ఆడిస్తున్న అమెరికా క్విజ్‌బౌల్ సంగతి సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పావు, గుర్తుంది. ప్రశ్న పేరా అంత ఉంటుంది, ముందు కష్టమైన ఆనవాళ్ళు, పోనుపోను తేలికవి. తెలిసిందనుకుంటే మధ్యలోనే బజర్ నొక్కొచ్చు. ఒప్పయితే పది పాయింట్లు. మధ్యలో నొక్కి తప్పు చెప్తే అయిదు పోతాయి, మిగతా ప్రశ్న అవతలి జట్టుకు చదువుతారు. అది విని నేనేమీ అనలేదు, మజ్జిగ తాగుతూ కూర్చున్నాను. ఆ అయిదు పాయింట్ల సంగతి నాకు యాభై ఏళ్ళుగా తెలుసు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. రోజూ పేపర్ చదువు. తప్పిన ప్రశ్నలు నోట్‌బుక్కులో రాసుకో. సబ్జెక్టులు పంచుకోండి, నలుగురూ క్రికెట్టే చదివితే లాభం లేదు. పోటీ రోజు ఖాళీ కడుపుతో పోవద్దు. నీకు కళ్ళు తిరుగుతాయి, ఎవరికీ చెప్పవు.

1974లో నేను తొమ్మిదో తరగతి. కర్నూల్లో స్కూళ్ళ మధ్య పోటీ, జట్టుకు ఇద్దరు. బజర్లు ఎక్కడివి, బల్ల మీద హెడ్మాస్టర్ గదిలో ఉండే గంట, పైన తడితే టింగుమనేది. నా పక్కవాడు పెద్దగా మాట్లాడేవాడు కాదు. వాళ్ళ నాన్న కోర్టులో అమీనా. ఆఖరి ప్రశ్నకు ఒక్క మార్కు వెనకున్నాం. "1953 అక్టోబర్ 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి..." అన్నాడు సారు. అంతే, గంట కొట్టేశాను. లేచి నిలబడి "కర్నూలు!" అని అరిచాను. మా ఊరు మరి! కొండారెడ్డి బురుజు చూస్తూ పెరిగినవాణ్ణి. అప్పట్లో జాగా చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయని మా నాయన వందసార్లు చెప్పుంటాడు.

సారు కాసేపు నా మొహం చూసి, మిగతా ప్రశ్న చదివాడు. "...హైకోర్టు ఏ ఊళ్ళో పెట్టారు?"

గుంటూరు. పక్కవాడికి తెలుసు, కోర్టు మాటలు వింటూ పెరిగినవాడు. ఆగమని నా మోచెయ్యి పట్టుకున్నాడు కూడా. నేను విదిలించుకున్నాను.

నాకు బిట్లు తెలుసు పాపా. రాజధాని కర్నూలు, ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం, అన్నీ వరసగా బట్టీ. కర్నూలే ఎందుకు అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడిగుంటే 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక తగిలేది. రాజధాని, హైకోర్టు ఒకేచోట వద్దు, ఒకటి సీమకు, ఒకటి కోస్తాకు, ముందు కోరుకునే హక్కు సీమది. అంత తెలిసినవాడు రాజధాని పేరు నోటిదాకా వచ్చినా, హైకోర్టు గురించి అడుగుతారేమో అని ఒక్క క్షణం ఆగేవాడు.

అంతటితో అయిపోలేదు. ఇంటికొచ్చాక మా నాయన అడిగితే "పక్కవాడు తొందరపడి కొట్టాడు" అన్నాను. మరుసటి వారం మా నాయన వాణ్ణి వీధిలో చూసి "ఏంరా, అంత తొందరేం నీకు?" అని నవ్వాడు. వాడు నా వైపు చూసి, ఏమీ అనకుండా పోయాడు. మళ్ళీ ఏడాది జట్టుకు పిలిస్తే రానన్నాడు. ఇది మీ అవ్వకు కూడా ఈ ఉత్తరం రాస్తుంటేనే తెలిసింది.

నీకు నా తొందర వచ్చింది. చిన్నప్పుడు తలుపు తీసేలోపే కాలితో తన్నేదానివి. అందుకే నా భయం. ఒప్పు చెప్పిన జట్టుకు ఇచ్చే బోనస్ ప్రశ్నలప్పుడు జట్టంతా మాట్లాడుకోవచ్చన్నావు కదా, ముందు నోరు మెదపని పిల్ల వైపు తిరుగు. ఓడిపోయిన రోజు ఎవరు నొక్కారని ఇంట్లో అడిగితే "టీమ్ నొక్కింది" అని చెప్పు. మీ నాన్నతో నేను మాట్లాడుకుంటాను.

మీ నాన్నకు ఏం చెప్పాలో కూడా అనుకున్నాను. ఆరో తరగతిలో నీకు కలివికోడి సంగతి చెప్పాను. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న పక్షి 1986లో మన కడప జిల్లాలో మళ్ళీ దొరికిందని. నువ్వు అన్నం కంచం ముందు పెట్టుకుని "ఇన్నేళ్ళూ అది ఏం తినింది అబ్బా?" అన్నావు. రాత్రిపూట తిరిగే పక్షి, అందుకే కనబడలేదని చెప్పేదాకా ముద్ద ముట్టలేదు. కప్పు కోసం ఆడే పిల్ల అలా అడగదని వాడికి చెప్తాను. మార్కులు తగ్గితే మాత్రం నేనూ తిడతాను, అది వేరే.

రెండో శనివారం బస్సెక్కి రా. ప్రశ్నలు నేను చదువుతాను. గంట బదులు స్టీలు గ్లాసు, స్పూను ఇస్తానంది మీ అవ్వ. కొట్టి కొట్టి సొట్ట పెట్టొద్దని రాయమంది.

మీ అబ్బ