లోతు కాదు, పొరను చూడండి

మీ పురావస్తు తవ్వకంలో మీటరు లోతులో పాతకాలపు నలుపు-ఎరుపు కుండపెంకుల పక్కనే గాజు సీసా ముక్క దొరికిందని, పాత పొర (ఒకే కాలంలో పేరుకున్న మట్టి) అంతా పాడైందేమోనని అడిగారు. కంగారు పడకండి. తర్వాతి కాలంలో ఎవరో పైనుంచి చెత్తగొయ్యి తవ్వి ఉంటారు, లేదా పందికొక్కు కలుగు చేసి ఉంటుంది.

అక్కడ తవ్వకం ఆపండి. నేలను తాపీతో పలుచగా గీకి, కొద్దిగా నీళ్లు చిలకరించండి. తడి మట్టిలో గొయ్యి అంచు రంగు తేడాతో బయటపడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో మాత్రం ఏమీ కనిపించదు. అంచు తెలిశాక ముందుగా గొయ్యిలో సగం మట్టి తీసి, నిలువు కోతను ఫొటో తీసి, కొలతలతో గీసుకుని, ఆపైనే మిగతా సగం తీయండి. గొయ్యిలో దొరికిన పెంకులకు వేరే సంచి, వేరే సంఖ్య.

అసలు లోపం మీ సంచుల చీటీల్లో ఉంది: ‘90–100 సెం.మీ.’ అని తప్ప పొర సంఖ్య లేదు. ఒకే లోతులో పాత పొర, కొత్త గొయ్యి రెండూ ఉండొచ్చు. మొహెంజొదారోలో ఇలా లోతు లెక్కన నమోదు చేసినందుకే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ మండిపడ్డాడు. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో పొరల వారీగా తవ్వించాడు. ఇప్పటికే కలిసిపోయిన పెంకులను ఊహతో విడదీయకండి; ‘మిశ్రమం’ అని రాసి పక్కన పెట్టండి.