పెట్ స్కాన్ నంబర్ చూసి ఆపరేషన్ తర్వాత సంగతి చెప్పొచ్చా?

మీ నాన్నగారికి ఊపిరితిత్తిలో కార్సినాయిడ్ (సాధారణంగా నెమ్మదిగా పెరిగే ఒక రకం క్యాన్సర్ గడ్డ) అన్నారు, పెట్ స్కాన్‌లో ఎస్‌యూవీ (గడ్డ ఎంత వెలిగిందో చెప్పే నంబరు) తక్కువ వచ్చింది కాబట్టి ఆపరేషన్ చేయిస్తే ఇక మళ్లీ రాదా అని అడిగారు. తక్కువ రావడం మంచి సూచనే. కానీ ఆ నంబరుకి మనవాళ్లు ఇచ్చే మర్యాద మరీ ఎక్కువ.

మా తమ్ముడికీ ఇదే జబ్బు, శ్వాసనాళంలో గడ్డ. ముందు ఆస్తమా అని ఇన్‌హేలర్లు వాడించారు, దగ్గులో రక్తం పడ్డాక టీబీ అన్నారు. పిల్లికూతలు ఒక పక్కే వినిపిస్తుంటే సీటీ తీయించాలని ఎవరికీ తోచకపోవడమేంటో!

ఎఫ్‌డీజీ పెట్‌లో, అంటే మామూలు పెట్ స్కాన్‌లో, వాడి గడ్డ పెద్దగా వెలగలేదు. తర్వాత గాలియం డోటాటేట్ స్కాన్ తీశారు. రిపోర్టు రాగానే మా బాబాయి కారిడార్‌లోనే నిలబడి, కళ్లజోడు సర్దుకుని గట్టిగా చదివేశారు. నంబర్ మొదటిదానికి ఎన్నో రెట్లు. అమ్మ కుర్చీలో కూలబడింది. సర్జన్ గారు కాగితం చూసి, "ఇందులో వెలగడమే మంచిదమ్మా" అన్నారు. ఎఫ్‌డీజీ అంటే చక్కెర లాంటిది, దూకుడుగా పెరిగే గడ్డలు దాన్ని ఎక్కువ లాక్కుంటాయి. గాలియం మందు గడ్డ కణాల మీదుండే సొమాటోస్టాటిన్ రిసెప్టర్లకు (ఆ పేరున్న హార్మోను అతుక్కునే చోట్లకు) అతుక్కుంటుంది, నెమ్మదిగా పెరిగే టిపికల్ రకంలో సాధారణంగా అవి దండిగా ఉంటాయి. ఈ ముక్క రిపోర్టు కింద తెలుగులో అచ్చేస్తే వాళ్ల సొమ్మేం పోయింది? సీడీ మాత్రం ఇస్తారు, అది ఏ ల్యాప్‌టాప్‌లోనూ తెరుచుకోదు.

లింఫ్ గ్రంథులు వెలిగాయని రాసినా వెంటనే కంగారుపడకండి. టీబీ ఉన్న గ్రంథులు కూడా ఎఫ్‌డీజీలో వెలుగుతాయి.

నన్నడిగితే అసలు తీర్పు గడ్డ తీశాక వచ్చే పాథాలజీ రిపోర్టుదే. బ్రాంకోస్కోపీలో (శ్వాసనాళంలోకి కెమెరా గొట్టం పంపి) తీసిన చిన్న ముక్కతో చాలాసార్లు రకం తేలదు. మైక్రోస్కోపులో 2 చదరపు మిల్లీమీటర్లలో మైటోసిస్ (విడిపోతున్న కణాల సంఖ్య) 2 కంటే తక్కువుండి, నెక్రోసిస్ (చచ్చిపోయిన కణజాలం) లేకపోతే టిపికల్. 2 నుంచి 10 ఉన్నా, నెక్రోసిస్ కనిపించినా ఎటిపికల్, అంటే కాస్త దూకుడు రకం. టిపికల్ అయి, గ్రంథులకు పాకకపోతే ఆపరేషన్ తర్వాత 5 ఏళ్లు దాటి బతికినవాళ్లు నూటికి 90 మందికి పైనే. అయినా ఏళ్ల తర్వాత తిరగబెట్టిన కేసులున్నాయి, చెకప్‌లు మానొద్దు. మైటోసిస్ సంఖ్య రాయకపోతే అడిగి రాయించుకోండి.

మా బంధువులైతే "ఎన్ని సిగరెట్లు కాల్చేవాడు?" అని ఇప్పటికీ అడుగుతారు. వాడు ఒక్కటీ ముట్టలేదు. టిపికల్ కార్సినాయిడ్‌కీ సిగరెట్‌కీ సంబంధం లేదని ఎన్నిసార్లు చెప్పినా తలూపి, మళ్లీ పెళ్లిళ్లలో అదే ప్రశ్న.