ముస్తఫా ఎందుకు తెరుచుకోలేదంటే

చిరంజీవికి,

బాబాయి ఆశీస్సులు. నీ మెయిల్ అందింది. బజారులో కొన్న హార్డ్‌డిస్కులో వేల గేములున్నా ముస్తఫా తెరుచుకోవడం లేదనీ, ప్లేస్టేషన్ గేములు నల్లతెర దగ్గరే ఆగిపోతున్నాయనీ, కొన్నింటిలో శబ్దం గరగరమంటోందనీ, మీ నాన్నకు కాంట్రా మరీ పరుగెడుతున్నట్టు అనిపించిందనీ రాశావు. ఇవి నాలుగు వేరు వేరు సమస్యలు. నువ్వు మాత్రం అన్నింటికీ ఒకే మందు ఉంటుందనుకుని కనిపించిన ప్రతి సెట్టింగునూ మార్చుకుంటూ పోయావు. ఇప్పుడు ఏది అసలు లోపమో, ఏది నీ మార్పుల వల్ల వచ్చిపడిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే ముందు మొదటికి రా.

పాత గేము యంత్రాలను కంప్యూటరులో అనుకరించే ఎమ్యులేటర్లను ఒకేచోట నడిపే ప్రోగ్రామే కదా నీ రెట్రోఆర్చ్. దాన్ని మూసేసి, దాని ఫోల్డరులో రెట్రోఆర్చ్ సీఎఫ్‌జీ అనే ఫైలు వెతుకు. నీ సెట్టింగులు చాలావరకు ఉండేది అందులోనే. దాన్ని తీసేయకు, పేరు మార్చి పక్కన పెట్టు. ఈసారి తెరిచినప్పుడు ప్రోగ్రాము కొత్త ఫైలు తయారు చేసుకుని, తొలిరోజు ఎలా ఉందో అలా మొదలవుతుంది. ఇంకో మాట. నువ్వు దాన్ని విండోస్ వారి ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో పెట్టి ఉంటే అక్కడి నుంచి తీసేయి. అక్కడ ఫైళ్లు రాయడానికి విండోస్ సులభంగా ఒప్పుకోదు. సెట్టింగు మార్చినా మరుసటి రోజుకు పాతదే కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. డీ డ్రైవులో ఒక చిన్న ఫోల్డరు చేసి, అందులో పెట్టుకో. పేర్లు పొట్టిగా, ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచు. తెలుగులో పేరు పెట్టుకోవాలని నాకూ ఉంటుంది కానీ, కొన్ని పాత ప్రోగ్రాములు ఆ అక్షరాలు చదవలేక ఫైలు లేదని చెబుతాయి.

ఇక నుంచి ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చినది కాగితం మీద రాసుకో. ఫలితం లేకపోతే దాన్ని వెనక్కి తిప్పిన తరువాతే రెండోదాని జోలికి వెళ్లు.

తప్పు ప్రోగ్రాముదా, గేము ఫైలుదా అన్నది తేల్చడానికి నమ్మకమైన ఫైలు ఒకటి చేతిలో ఉండాలి. ఆర్కేడ్ గేములను, అంటే నాణెం వేసి ఆడే యంత్రాల గేములను, నడిపే ఎమ్యులేటరు మేమ్. ఆ మేమ్ వారి అధికారిక సైటులోనే గ్రిడ్లీ, రాబీ రోటో వంటి కొన్ని పాత ఆర్కేడ్ గేములు, హక్కుదారుల అనుమతితో, వ్యాపారానికి కాకుండా సొంతంగా ఆడుకోవడానికి ఉచితంగా ఇస్తున్నారు. వాటిలో ఒకటి దించుకుని నడిపి చూడు. అది ఆడితే నీ ఎమ్యులేటరు బాగానే ఉన్నట్టు. లోపం ఆ హార్డ్‌డిస్కులోని ఫైళ్లలో ఉన్నట్టు. ఈ ఒక్క పరీక్ష సగం చిక్కును విడదీస్తుంది.

ఇప్పుడు ముస్తఫా సంగతికి వద్దాం. మన ఊళ్లలో అందరూ ముస్తఫా అని పిలిచిన ఆ గేము అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చింది. అందులోని నలుగురు వీరుల్లో ఒకడి పేరు ముస్తఫా. మేమ్‌లో వెతికితే నీకు ముస్తఫా జిప్ కనిపించదు, డైనో జిప్ అనే ఉంటుంది. నువ్వు దాని పేరు ముస్తఫా అని మార్చి ఉంటే ముందు పాత పేరు తిరిగి పెట్టు. ఆర్కేడ్ గేములకు రెండు నియమాలు తప్పనిసరి: జిప్పును విప్పకూడదు, పేరు మార్చకూడదు. ఎమ్యులేటరు ఆ పేరును బట్టే గేమును గుర్తుపడుతుంది.

అయినా తెరుచుకోకపోతే అది చూపే ఎర్రర్ సందేశాన్ని చివరిదాకా చదువు. చాలామంది దాన్ని చదవకుండానే మూసేస్తారు. నాకు తెలిసి నీకు కనిపించేది డీఎల్-1425 బిన్ అనే ఫైలు దొరకలేదన్న వాక్యం. ఆ వాక్యం పక్కనే ఏయే జిప్పుల్లో వెతికిందో కూడా రాస్తుంది, అక్కడ క్యూసౌండ్ అన్న పేరు ఉంటుంది. ముస్తఫా అసలు ఆర్కేడ్ యంత్రంలోని బోర్డు మీద సంగీతం, అరుపులు పలికించే ప్రత్యేకమైన చిప్పు పేరు క్యూసౌండ్. ఆ చిప్పు లోపలి ప్రోగ్రామును బయటికి తీయడం చాలా ఏళ్ల తరువాతే సాధ్యపడింది. అందుకే పాత మేమ్ దాన్ని అడగదు, కొత్త మేమ్ అడుగుతుంది. డైనో జిప్ ఎంత బాగున్నా, ఆ సందేశంలో చెప్పిన పేరుతోనే ఆ చిన్న జిప్పు కూడా అదే ఫోల్డరులో ఉంటేనే గేము లేస్తుంది. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 కూడా అంతే. దాని పక్కన నియోజియో జిప్ లేకపోతే కదలదు.

ఇది ఎందుకిలా ఉంటుందో తెలిస్తే నీకు చిరాకు తగ్గుతుంది. 1997 ఫిబ్రవరిలో ఇటలీకి చెందిన నికోలా సల్మోరియా మొదలుపెట్టిన మేమ్ ఉద్దేశం ఆటలాడించడం ఒక్కటే కాదు. ఆ పాత బోర్డులు ఎలా పనిచేసేవో ఉన్నది ఉన్నట్టు నమోదు చేయడం. ఒక చిప్పు సరిగ్గా చదవలేదని తేలితే కొత్త వెర్షనులో సరిచేస్తారు. దానితో పాత జిప్పు ఆ వెర్షనుకు సరిపోకుండా పోతుంది. నీ హార్డ్‌డిస్కు అమ్మినవాడు ఏ వెర్షనుకు సరిపోయే ఫైళ్లు పోశాడో ఎవరికీ తెలియదు. రెట్రోఆర్చ్‌లో మేమ్ పేరుతోనే చాలా కోర్లు, అంటే దాని లోపల నడిచే ఎమ్యులేటర్లు, ఉంటాయి. మేమ్ 2003 అనేది 0.78 వెర్షను ఆధారంగా చేసింది, దానికి ఆ కాలపు ఫైళ్లే కావాలి. ఏ కోర్ వాడుతున్నావో, ఫైళ్లు ఏ వెర్షనువో రెండూ కలవాలి. మేమ్ ప్రోగ్రామును విడిగా దించుకుని, కమాండ్ విండోలో మేమ్ వెరిఫైరోమ్స్ డైనో అన్న ఆదేశం ఇస్తే, ఫైలు బాగుందో లేదో, లేకపోతే ఏది తక్కువైందో అదే చెబుతుంది. ఆ ఆదేశంలో వెరిఫైరోమ్స్‌కు ముందు ఒక అడ్డగీత పెట్టడం మరిచిపోకు.

ప్లేస్టేషన్ గేముల నల్లతెర దాదాపు ఎప్పుడూ బయోస్ గొడవే. బయోస్ అంటే యంత్రం మొదలవడానికి దాని లోపల ఉండే ప్రోగ్రాము. రెట్రోఆర్చ్‌లో ఆ కోర్‌ను తెరిచి, ఇన్ఫర్మేషన్ కింద కోర్ ఇన్ఫర్మేషన్ చూడు. ఏ బయోస్ ఫైలు కావాలో, అది ఉందో లేదో అక్కడే రాసి ఉంటుంది. అమెరికా గేములకు ఎస్‌సీపీహెచ్5501, జపాన్ వాటికి 5500, యూరప్ వాటికి 5502. ఫైలు సిస్టమ్ అనే ఫోల్డరులో నేరుగా ఉండాలి, లోపల ఇంకో ఫోల్డరు చేసి దాచకూడదు. పరిమాణం సరిగ్గా 512 కేబీ. అన్నీ సరిగానే ఉన్నా లేదనే చూపిస్తే, విండోస్ ఫైలు పేరు చివరి భాగాన్ని దాచేస్తోందేమో చూడు. నువ్వు పేరు మార్చేటప్పుడు చివర బిన్ అని టైపు చేశావు, అప్పటికే దాగి ఉన్న బిన్ ఇంకొకటి ఉంది. అసలు పేరు ఎస్‌సీపీహెచ్5501 బిన్ బిన్ అయి కూర్చుంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నచోట టిక్ పెట్టు, బండారం బయటపడుతుంది.

బయోస్ సరిగా ఉండి కూడా గేము రాకపోతే క్యూ ఫైలును నోట్‌ప్యాడులో తెరువు. డిస్కు కాపీలో అసలు సమాచారం ఉండేది బిన్ ఫైలులో, దాన్ని ఎలా చదవాలో చెప్పేది క్యూ ఫైలు. భయపడకు, అది మామూలు అక్షరాల ఫైలే. మొదటి వరుసలో కొటేషన్ గుర్తుల మధ్య ఒక బిన్ ఫైలు పేరు ఉంటుంది. ఎవరో ముచ్చటపడి బిన్ ఫైలుకు అందమైన పేరు పెట్టి ఉంటారు, క్యూ ఫైలులో మాత్రం పాతపేరే మిగిలిపోయి ఉంటుంది. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా చేసి సేవ్ చెయ్యి. పని జరుగుతుంది. తరువాత మేమ్‌తో పాటే వచ్చే సీహెచ్‌డీమ్యాన్ అనే చిన్న ప్రోగ్రాముతో ఈ రెండింటినీ కలిపి ఒకే సీహెచ్‌డీ ఫైలుగా మార్చుకో. చోటు తగ్గుతుంది, సమాచారం ఏమీ పోదు, పేర్ల తగువు అసలే ఉండదు. ఫైనల్ ఫాంటసీ 7 వంటి మూడు డిస్కుల గేముకు, ఆ మూడు సీహెచ్‌డీల పేర్లూ వరుసకు ఒకటి చొప్పున రాసి ఎమ్3యూ ఫైలుగా సేవ్ చేసి, గేమును దాని ద్వారానే తెరువు. లేకపోతే కొన్ని కోర్లు డిస్కుకో మెమరీ కార్డు తయారు చేస్తాయి. రెండో డిస్కు పెట్టేసరికి నువ్వు కష్టపడి ఆడిన ఆటంతా కనిపించదు.

ఇప్పుడు మీ నాన్న మాట. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. మన దేశంలో టీవీ పాల్ పద్ధతిలో సెకనుకు 50 సార్లు బొమ్మ గీసేది. అమెరికాలో, జపాన్‌లో 60 సార్లు. 1990లలో మన ఇళ్లలో క్యాసెట్ పెట్టి ఆడిన వీడియో గేములు చాలావరకు జపాన్‌లో నింటెండో అమ్మిన ఫ్యామికామ్ యంత్రానికి నకళ్లు. అవి 60 కోసం రాసిన గేమును 50 మీద నడిపేవి. అంటే ఆట మొత్తం ఆరోవంతు నెమ్మది. మీ నాన్న చిన్నప్పటి నుంచి చేతివేళ్లకు నేర్పుకున్న కాంట్రా ఆ వేగానిది. నువ్వు పెట్టింది అమెరికా వేగం. ఆ నకళ్లలో మరో విశేషం ఉంది. యూరప్‌లో నింటెండో సొంతంగా అమ్మిన యంత్రంలో ప్రాసెసరు వేగం 1.66 మెగాహెర్ట్జ్, అందుకే కొన్ని గేముల్లో పాట స్థాయి కూడా దిగిపోయేది. నకళ్లలో అది 1.77, అసలు జపాన్ యంత్రపు 1.79కి చాలా దగ్గర. అందుకే మన మారియో పాట కాస్త నింపాదిగా సాగినా శ్రుతి తప్పలేదు.

దీనికి పరిష్కారం సిద్ధంగా ఉంది. ఫ్యామికామ్‌ను అనుకరించే మెసెన్ కోర్‌లో రీజియన్ అన్న చోట డెండీ అని ఒక ఎంపిక ఉంటుంది. డెండీ అనేది ఇలాంటి నకలు యంత్రానికే రష్యాలో పెట్టిన పేరు. దాన్ని ఎంచుకో. నీ మానిటరు 60 హెర్ట్జ్‌లో ఉంటే బొమ్మ కుదుపులతో సాగుతుంది కాబట్టి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 50 గానీ 100 గానీ ఉంటే అటు మార్చు. ఈ ఒక్క మార్పు చేసి నాన్నకు ప్యాడు ఇవ్వు. ఖరీదైన షేడర్లు, రంగుల అలంకరణలు ఇవ్వలేని తృప్తి ఇది ఇస్తుందని గట్టిగా నమ్ముతున్నాను.

ప్యాడు మాట వచ్చింది కనుక దాన్ని పరీక్షించే పద్ధతి ఒకటి చెబుతాను. కాంట్రా మొదటి తెర మీద పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ, స్టార్ట్. ముప్ఫై ప్రాణాలు వచ్చాయంటే నాలుగు దిక్కులూ, రెండు బటన్లూ సరిగ్గా కుదిరినట్టే. రాకపోతే ఏదో ఒకటి తప్పు. ఎక్స్‌బాక్స్ తరహా ప్యాడు అయితే దాని మీది అక్షరాలు చూసి మోసపోకు. నింటెండో ప్యాడు మీద బీ, ఏ ఉండే చోట్లు దీని మీద తారుమారుగా ఉంటాయి. రెట్రోఆర్చ్ అక్షరాన్ని కాదు, స్థానాన్ని చూస్తుంది. కింది బటన్ బీ, కుడి బటన్ ఏ అనుకుని నొక్కు.

గరగర శబ్దానికి ముందు ల్యాప్‌టాప్‌ను చార్జరుకు తగిలించి, బ్యాటరీ పొదుపు తీసెయ్యి. 60 వేగంతో నడిచే గేముకు ఒక్కో బొమ్మ తయారు చేయడానికి 16.7 మిల్లీసెకన్లే దొరుకుతాయి. యంత్రం ఆ గడువు దాటితే ముందు తెలిసేది చెవికే. అప్పటికీ తగ్గకపోతే ఆడియో లేటెన్సీ 64 నుంచి 96కు పెంచు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాత్రం ఈ ఆటలకు వద్దు. తుపాకీ పేలిన తరువాత ఎప్పటికో శబ్దం వస్తుంది. టీవీకి కలిపి ఆడితే అందులో గేమ్ మోడ్ పెట్టు.

ఆటను దాచుకోవడంలో రెండు రకాలున్నాయి. గేము తనంతట తాను దాచుకునేది ఎస్‌ఆర్‌ఎమ్ ఫైలు. ఎమ్యులేటరు ఉన్నపళంగా ఫొటో తీసినట్టు దాచేది స్టేట్. రెండోది సుఖమే కానీ, కోర్ కొత్త వెర్షను వచ్చినప్పుడు పాత స్టేటు తెరుచుకోకపోవచ్చు. నెలల తరబడి ఆడే గేముల్లో తప్పకుండా గేములోని సేవ్‌నే వాడు. సేవ్‌లు, సిస్టమ్, ప్లేలిస్టులు ఉన్న ఫోల్డర్లను వేరే డిస్కుకు అప్పుడప్పుడూ కాపీ చేసిపెట్టుకో. మిగతాదంతా పోయినా మళ్లీ చేసుకోవచ్చు.

ప్లేలిస్టుల్లో గేములన్నీ ఒకేసారి మాయమైతే గాభరా పడకు. పాత హార్డ్‌డిస్కు డీ (D) బదులు ఈ (E) డ్రైవుగా వచ్చి ఉంటుంది. ప్లేలిస్టులో ఉండేది ఫైలు పూర్తి చిరునామా. నోట్‌ప్యాడులో తెరిచి డ్రైవు అక్షరం ఒక్కటి మార్చినా సరిపోతుంది.

చివరగా ఆ వేల గేముల హార్డ్‌డిస్కు గురించి. దాన్ని పక్కన పెట్టు అనే నా సలహా. మన కాపీరైటు చట్టం చట్టబద్ధంగా మన దగ్గరున్న ప్రోగ్రాము పాడైపోకుండా రక్షణకు కాపీ తీసుకోనిస్తుంది. ఇంకొకరు పోగేసి అమ్మినదానికి అది వర్తించదు. పైగా ఒకే గేము పది పేర్లతో, సగం చెడిపోయిన ఫైళ్లతో ఉన్న ఆ గుట్టలో సరైనదాన్ని వెతకడమంటే బియ్యంలో రాళ్లు ఏరడమే. మీ ఇంటి అటక మీద ఉన్న ప్లేస్టేషన్ డిస్కులను తీసి, తుడిచి, డీవీడీ డ్రైవులో పెట్టి నువ్వే కాపీ తీసుకో. పాత గేముల్లో చాలావాటిని కంపెనీలే మళ్లీ అమ్ముతున్నాయి, అక్కడ కొను. మీరిద్దరూ నిజంగా ఆడేవి పాతిక కూడా ఉండవు. ఒక్కో యంత్రానికి ఒక్కో ఫోల్డరు, ఒక్కో గేముకు ఒక్క ఫైలు. నడిచిందని చూసుకున్న తరువాతే ప్లేలిస్టులోకి చేర్చు.

ఇన్ని చేసినా ఏదైనా మొండికేస్తే, రెట్రోఆర్చ్ సెట్టింగుల్లో లాగింగ్ కింద లాగ్‌ను ఫైలులోకి రాసే ఎంపిక ఆన్ చేసి, గేమును ఒకసారి తెరిచి, లాగ్స్ ఫోల్డరులో వచ్చిన ఫైలు నాకు పంపు. దానితో పాటు కోర్ పేరు, వెర్షను, ఫైలు పేరు రాయి. తెర ఫొటో ఒక్కటే పంపితే నేనేమీ చెప్పలేను.

ఆశీస్సులతో,
మీ బాబాయి